ఎనిమిది వారాల గడువు: స్త్రీల క్యాన్సర్లకు రేడియేషన్ చికిత్సలో కోవిడ్ నేర్పిన సర్దుబాట్లు

(ప్రత్యేక వ్యాసం)

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్స ప్రారంభమైన నాటి నుంచి ఎనిమిది వారాలలోగా, అనగా 56 రోజులలోగా, మొత్తం చికిత్స పూర్తి కావలసి ఉంటుంది. 2020 మార్చి 22 నాటి జనతా కర్ఫ్యూతో తెలుగు రాష్ట్రాలలో ఆర్టీసీ బస్సులు నిలిచిపోయాయి. తెలంగాణలో మే 19న, ఆంధ్రప్రదేశ్‌లో మే 21న జిల్లా సర్వీసులు తిరిగి ప్రారంభమయ్యాయి. ఈ విరామం కూడా ఎనిమిది వారాల పైచిలుకే. మార్చి మూడవ వారంలో చికిత్స మొదలుపెట్టిన మహిళకు నిర్ణీత గడువు దాదాపు మొత్తం బస్సులు లేని కాలంలోనే గడిచిపోయింది.

కోవిడ్-19ను ప్రపంచ వ్యాప్త ఆరోగ్య అత్యవసర పరిస్థితిగా పరిగణించడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న విరమించింది. అయితే ఆ మూడేళ్లలో క్యాన్సర్ వైద్యులు చేసిన సర్దుబాట్లు నేటికీ ఉపయోగకరమైనవే. తుఫాను, వరద, యంత్రం చెడిపోవడం, మరో అంటువ్యాధి మొదలైన వాటిలో ఏది సంభవించినా చికిత్సలో ఏది మార్చవచ్చు, ఏది మార్చరాదు అన్న ప్రశ్న తిరిగి ఎదురవుతుంది. స్త్రీల క్యాన్సర్లలో, ముఖ్యంగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో, ఈ ప్రశ్నకు సమాధానం ఏమిటో, దానిలో జిల్లా యంత్రాంగం పాత్ర ఎంతో అధికారులకు, పాత్రికేయులకు తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

వ్యాధి తీవ్రత

భారతదేశంలో మహిళలకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్ తరువాతి స్థానం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌దే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022 సంవత్సరానికి వేసిన అంచనాల ప్రకారం దేశంలో ఆ ఏడాది 1,27,526 మంది మహిళలకు ఈ వ్యాధి కొత్తగా సోకగా, 79,906 మంది మరణించారు. హ్యూమన్ పాపిల్లోమా వైరస్ దీర్ఘకాలం శరీరంలో నిలిచి ఉండడం వలన ఈ వ్యాధి వస్తుంది. ముందుగా గుర్తిస్తే శస్త్రచికిత్సతో నయమవుతుంది. కాని మన దేశంలో అధిక సంఖ్యాకులు వ్యాధి ముదిరిన దశలోనే ఆసుపత్రికి చేరుతున్నారు. ఆ దశలో ప్రధాన చికిత్స రేడియేషన్. ముదిరిన దశలో సైతం పూర్తిగా నయం చేయగల అవకాశం ఉన్న క్యాన్సర్లలో ఇది ఒకటి కావడం వలన ఈ చికిత్సకు అంతరాయం కలగడం తీవ్రమైన విషయం.

చికిత్స జరిగే తీరు

గ్రామాలలో 'కరెంటు పెట్టడం' అని వ్యవహరించే ఈ చికిత్సకు, విద్యుత్ షాకుకు ఎట్టి సంబంధం లేదు. అధిక శక్తి గల కిరణాలను వ్యాధి సోకిన భాగంపై ప్రసరింపజేసి క్యాన్సర్ కణాలను నశింపజేయడమే రేడియేషన్ చికిత్స. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో ఇది మూడు భాగాలుగా ఉంటుంది.

మొదటిది బాహ్య రేడియేషన్. కోబాల్ట్ యంత్రం లేదా లీనియర్ యాక్సిలరేటర్ ద్వారా పొత్తికడుపు భాగానికి వారానికి ఐదు రోజుల చొప్పున సుమారు ఐదు వారాల పాటు, సాధారణంగా 25 విడతలలో 45 నుంచి 50 గ్రేల మోతాదు ఇస్తారు. ఒక్కొక్క విడతకు కొద్ది నిమిషాలు మాత్రమే పడుతుంది. రెండవది కీమోథెరపీ. రేడియేషన్ సాగే వారాలలోనే వారానికి ఒకసారి సిస్‌ప్లాటిన్ మందును సెలైన్ ద్వారా ఎక్కిస్తారు. ఇది కిరణాల ప్రభావాన్ని పెంచుతుంది. మూడవది బ్రాకీథెరపీ, అనగా అంతర్గత రేడియేషన్. గర్భాశయంలోనికి, యోని పైభాగంలోనికి సన్నని లోహపు గొట్టాలను అమర్చి, వాటి ద్వారా రేడియోధార్మిక మూలకాన్ని కణితి చెంతకే పంపి కొద్దిసేపటి తరువాత వెనుకకు తీసుకుంటారు. కణితికి అత్యధిక మోతాదు అందుతుంది. మూలకం నుంచి దూరం పెరిగిన కొద్దీ మోతాదు వేగంగా తగ్గిపోతుంది గనుక పక్కనే ఉన్న మూత్రాశయానికి, పెద్దపేగు చివరి భాగానికి హాని పరిమితంగా ఉంటుంది.

గడువు ఎందుకు?

రేడియేషన్ తాకిడికి క్యాన్సర్ కణాలు చనిపోతుండగానే, మిగిలిన కణాలు మునుపటికన్నా వేగంగా విభజన చెందడం ప్రారంభిస్తాయి. చికిత్స మధ్యలో ఆగితే ఆ విరామం కణితికి కోలుకునే అవకాశమిస్తుంది. తరువాత అదే మోతాదు ఇచ్చినప్పటికీ అదే ఫలితం రాదు. మొత్తం చికిత్సా కాలం ఏడెనిమిది వారాలు దాటిన తరువాత ఆలస్యమైన ప్రతి రోజుకు వ్యాధి అదుపులోకి వచ్చే అవకాశం సుమారు అర శాతం నుంచి ఒక శాతం వరకు తగ్గుతుందని పలు అధ్యయనాలలో వెల్లడైంది. రెండు వారాలు ఆలస్యమైతే జరిగే నష్టమెంతో దీనిని బట్టి ఊహించవచ్చు.

కావున ఈ వ్యాధిలో కాలం కూడా మోతాదులో భాగమే. కోవిడ్ కాలంలో జరిగిన సర్దుబాట్లన్నింటికీ ఇదే మూలసూత్రం. ఆసుపత్రికి వచ్చే పర్యాయాల సంఖ్యను తగ్గించవచ్చు, మత్తు ఇచ్చే పద్ధతిని మార్చవచ్చు, పరీక్షలను కుదించవచ్చు, తదుపరి సంప్రదింపులను టెలిఫోనుకు మళ్లించవచ్చు. కాని ఎనిమిది వారాల గడువును పొడిగించరాదు, బ్రాకీథెరపీని వదలివేయరాదు.

లాక్‌డౌన్‌లో ఏమి జరిగింది

2020 మార్చి 25 నుంచి దేశవ్యాప్త లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. ఆసుపత్రులకు మినహాయింపు ఉన్నప్పటికీ ఆసుపత్రికి చేరే మార్గం మూసుకుపోయింది. జాతీయ క్యాన్సర్ గ్రిడ్‌లోని 41 కేంద్రాలలో 2020 మార్చి నుంచి మే వరకు అందిన సేవలను అంతకు ముందు ఏడాది అవే నెలలతో పోల్చిన అధ్యయనం 2021లో ప్రచురితమైంది. దాని ప్రకారం కొత్త రోగుల నమోదు 1,12,270 నుంచి 51,760కి, అనగా 54 శాతం తగ్గింది. పెద్ద శస్త్రచికిత్సలు 49 శాతం, ఔట్‌పేషెంట్ కీమోథెరపీ 37 శాతం తగ్గగా, రేడియేషన్ సేవలు పొందినవారి సంఖ్య 23 శాతం తగ్గింది.

ఈ అంకెలను రెండు విధాలుగా చదవవలసి ఉంటుంది. రేడియేషన్ విభాగాలు మిగతా విభాగాలతో పోలిస్తే ఎక్కువగా పనిచేశాయన్నది మొదటి అంశం. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వంటి సంస్థలు లాక్‌డౌన్‌లోనూ చికిత్సలను కొనసాగించాయి. రెండవ అంశం మరింత ముఖ్యమైనది. ఆసుపత్రిలో నమోదు కాని రోగులకు వ్యాధి లేనట్లు కాదు. ఆ మూడు నెలలలో రానివారు తరువాత మరింత ముదిరిన దశలో వచ్చి ఉంటారు, లేదా అసలు వచ్చి ఉండరు. 2021 ఏప్రిల్, మే నెలలలో రెండవ ఉద్ధృతి సమయంలో ప్రాణవాయువుకు, పడకలకు ఏర్పడిన కొరతతో ఆసుపత్రులపై ఒత్తిడి మరింత పెరిగింది.

తెలుగు రాష్ట్రాలలో దూరం ప్రధాన సమస్య. హైదరాబాదులోని ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి ఆదిలాబాదు నుంచి వచ్చే రోగి సుమారు 300 కిలోమీటర్లు ప్రయాణించాలి. విశాఖపట్నంలోని హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రికి శ్రీకాకుళం నుంచి సుమారు 100 కిలోమీటర్ల దూరం. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీతో పేద కుటుంబాలకు క్యాన్సర్ చికిత్స ఖర్చు విషయంలో పెద్ద ఊరట లభించింది. కాని ఐదు వారాల పాటు ప్రతిదినం ఆసుపత్రికి రావలసిన చికిత్సలో ప్రయాణం, బస కూడా చికిత్సలో భాగాలే. లాక్‌డౌన్‌లో ఈ రెండూ ఒకేసారి దూరమయ్యాయి.

ప్రాధాన్యాల నిర్ధారణ

సిబ్బంది, యంత్రాల సమయం పరిమితమైనప్పుడు ఎవరికి ముందుగా చికిత్స అందించాలన్న నిర్ణయం తప్పనిసరి అవుతుంది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2020 మార్చి చివరలో విడుదల చేసిన మార్గదర్శకాలు రేడియేషన్ రోగులను ఐదు ప్రాధాన్య శ్రేణులుగా విభజించాయి. వేగంగా పెరిగే కణితి ఉండి, నయం చేయగల రేడియేషన్ పొందుతున్నవారికి, ముఖ్యంగా చికిత్స మధ్యలో ఉన్నవారికి, మొదటి శ్రేణి లభించింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఈ కోవలోనిదే.

సాధారణంగా అనుసరించిన క్రమం ఈ విధంగా ఉంది. ఇప్పటికే చికిత్స ప్రారంభించినవారు, నయమయ్యే అవకాశం గల ముఖద్వార, యోని, బాహ్య జననాంగ క్యాన్సర్ల రోగులు, తీవ్ర రక్తస్రావంతో వచ్చినవారు ముందు వరుసలో ఉంటారు. శస్త్రచికిత్స జరిగి, వ్యాధి తిరిగి రాకుండా నివారణ కొరకు రేడియేషన్ అవసరమైనవారు తరువాతి వరుస. వ్యాధి తిరగబెట్టే ముప్పు తక్కువగా ఉన్నవారి విషయంలో వాయిదా వేయడం లేదా రేడియేషన్ లేకుండా పరిశీలనలో ఉంచడం జరిగింది. చికిత్స పూర్తయి క్రమానుగత పరీక్షలకు మాత్రమే రావలసినవారిని టెలిఫోను ద్వారా సంప్రదించారు.

బాహ్య రేడియేషన్‌లో మార్పులు

విడతల సంఖ్య తగ్గించి ఒక్కో విడత మోతాదు పెంచడం మహమ్మారి కాలంలో పలు క్యాన్సర్లకు అనుసరించిన మార్గం. రొమ్ము క్యాన్సర్‌లో 15 విడతల స్థానంలో ఐదు విడతలు సరిపోతాయని చూపిన బ్రిటిష్ పరిశోధన ఫలితాలు సరిగ్గా 2020 ఏప్రిల్‌లోనే వెలువడడంతో పలు దేశాలు ఆ పద్ధతిని వెంటనే అందిపుచ్చుకున్నాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో అది సాధ్యపడలేదు. ఇక్కడ కిరణాలు ప్రసరించే పొత్తికడుపులో చిన్నపేగులు, మూత్రాశయం, పెద్దపేగు ఉంటాయి. ఒక్కో విడత మోతాదు పెరిగితే వీటికి కొన్ని నెలలు, సంవత్సరాల తరువాత బయటపడే హాని పెరిగే ప్రమాదముంది. 25 విడతలకు బదులు 15 లేదా 16 విడతలలో సుమారు 40 గ్రేలు ఇచ్చే పద్ధతిపై వివిధ దేశాలలో పరిశోధనలు చేపట్టారు. ఈ పద్ధతి ప్రామాణిక చికిత్స స్థాయికి చేరాలంటే దీర్ఘకాలిక ఫలితాలు అవసరం. కావున అత్యధిక కేంద్రాలు 25 విడతల పద్ధతినే కొనసాగించి, మిగతా ఏర్పాట్లను మార్చుకున్నాయి.

సిబ్బందిని రెండు బృందాలుగా విభజించి, ఒక బృందానికి కోవిడ్ సోకినా మరో బృందం యంత్రాన్ని నడిపే విధంగా విధులు కేటాయించారు. ప్రతి రోగికి నిర్ణీత సమయం ఇచ్చి వేచి ఉండే గదులలో రద్దీని తగ్గించారు. ఒక్కో రోగి తరువాత యంత్రపు బల్లను శుభ్రపరచడానికి సమయం కేటాయించారు. సహాయకుల సంఖ్యను ఒకరికి పరిమితం చేశారు.

చికిత్స మధ్యలో విడతలు తప్పిపోయినప్పుడు ఆ నష్టాన్ని పూడ్చే పద్ధతులు మహమ్మారికి ముందే ఉన్నాయి. శని, ఆదివారాలలో చికిత్స ఇవ్వడం ఒకటి. ఒకే రోజున కనీసం ఆరు గంటల వ్యవధితో రెండు విడతలు ఇవ్వడం మరొకటి. ఆరోగ్యకర కణాలు తమను తాము మరమ్మతు చేసుకునేందుకు ఆ ఆరు గంటలు అవసరం. తప్పిన విడతలను చివరలో కలపడం సులభమైన మార్గంగా కనిపించినా, గడువు పెరిగిపోతుంది గనుక దానిని చివరి ప్రత్యామ్నాయంగానే పరిగణించాలి. లాక్‌డౌన్‌లో ఆలస్యమైనవారికి వారాంతపు విడతలు ఇవ్వాలంటే సిబ్బందికి సెలవు దినాలలో రవాణా, అనుమతి పత్రాలు అవసరమైనాయి. వైద్య నిర్ణయం అమలుకు పాలనాపరమైన తోడ్పాటు ఎంత ముఖ్యమో దీని వలన స్పష్టమవుతుంది.

బ్రాకీథెరపీ: వదలరాని భాగం

మహమ్మారి కాలంలో అత్యంత కఠినమైన నిర్ణయాలు బ్రాకీథెరపీ విషయంలోనే ఎదురయ్యాయి. దీనికి ఆపరేషన్ థియేటర్, మత్తు వైద్యుడు, నర్సులు, భౌతిక శాస్త్ర నిపుణుడు అవసరం. 2020లో థియేటర్లు, మత్తు వైద్యులు, పడకలు కోవిడ్ సేవలకు మళ్లాయి. కావున బ్రాకీథెరపీని మాని బాహ్య రేడియేషన్‌నే కొంత పెంచి సరిపెట్టాలన్న ఆలోచన సహజంగా కలుగుతుంది. అది ఎంత ప్రమాదకరమో అమెరికా క్యాన్సర్ రిజిస్ట్రీల సమాచారం ఆధారంగా 2013లో ప్రచురితమైన అధ్యయనం తెలియజేస్తున్నది. వ్యాధి తీవ్రత, వయస్సు వంటి అంశాలు సమానంగా ఉన్న రోగులను పోల్చి చూడగా, బ్రాకీథెరపీ పొందినవారిలో నాలుగేళ్ల తరువాత 58 శాతం మంది జీవించి ఉండగా, పొందనివారిలో 46 శాతం మంది మాత్రమే జీవించి ఉన్నారు. బయటి నుంచి ఎంత అధునాతన యంత్రంతో కిరణాలు పంపినా కణితి చెంతనే మూలకాన్ని ఉంచడానికి సాటి రాదన్నది నిపుణుల అభిప్రాయం.

కావున బ్రాకీథెరపీని మానకుండా దానిని నిర్వహించే తీరును మార్చారు. మొదటి మార్పు మత్తుకు సంబంధించినది. పూర్తి మత్తు ఇచ్చేటప్పుడు శ్వాసనాళంలోనికి గొట్టం అమర్చవలసి ఉంటుంది. ఆ సమయంలో వైరస్ గాలిలో వ్యాపించే అవకాశం అధికం. దానికి బదులు వెన్నులో సూదితో నడుము కింది భాగానికి మాత్రమే మత్తు ఇవ్వడం, లేదా నొప్పి తగ్గించే మందులతో స్వల్ప మత్తు ఇవ్వడం మేలని మార్గదర్శకాలు సూచించాయి. ప్రక్రియకు ముందు కోవిడ్ నిర్ధారణ పరీక్షను తప్పనిసరి చేశారు.

రెండవ మార్పు విడతలకు సంబంధించినది. ప్రపంచంలో విస్తృతంగా వాడుకలో ఉన్న పద్ధతులలో ఒకటి ఒక్కొక్కటి 7 గ్రేల చొప్పున నాలుగు విడతలు. ప్రతి విడతకు వేర్వేరుగా గొట్టాలు అమర్చితే రోగి నాలుగు సార్లు థియేటర్‌కు రావాలి. ఒకసారి అమర్చిన గొట్టాలతోనే కనీసం ఆరు గంటల వ్యవధితో రెండు విడతలు ఇస్తే థియేటర్ అవసరం సగానికి తగ్గుతుంది. ఒక్కొక్కటి 9 గ్రేల చొప్పున రెండే విడతలలో ముగించడం మరో మార్గం. చండీగఢ్‌లోని పి.జి.ఐ. మహమ్మారికి ఎంతో ముందు నుంచే ఈ పద్ధతిని అనుసరించి ఫలితాలను ప్రచురించింది. అయితే విడతలు తగ్గిన కొద్దీ కణితి పరిమాణం, మూత్రాశయం, పేగులకు చేరే మోతాదులను మరింత జాగ్రత్తగా లెక్కించవలసి ఉంటుంది. పెద్ద కణితులకు నాలుగు విడతల పద్ధతే మెరుగైనదన్న అభిప్రాయం ఉన్నందున రోగిని బట్టి నిర్ణయం తీసుకోవలసి ఉంటుంది.

మూడవ అంశం అంతగా వార్తలకెక్కనిది. బ్రాకీథెరపీ యంత్రాలలో ఎక్కువగా వాడే ఇరిడియం-192 మూలకం అర్ధాయువు 74 రోజులు. అనగా 74 రోజులకు దాని శక్తి సగమవుతుంది. కొత్త మూలకంతో పది నిమిషాలలో ముగిసే విడతకు 74 రోజుల తరువాత 20 నిమిషాలు పడుతుంది. అందుచేత దానిని మూడు, నాలుగు నెలలకొకసారి మార్చవలసి ఉంటుంది. విదేశాల నుంచి వచ్చే మూలకాలకు విమాన రవాణా, కస్టమ్స్, అణుశక్తి నియంత్రణ మండలి అనుమతులు అవసరం. 2020 మార్చిలో అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలు నిలిచిపోయినప్పుడు ఇటువంటి సరఫరాలు ఎంత సున్నితమైనవో స్పష్టమైంది. కోబాల్ట్-60 మూలకం అర్ధాయువు ఐదేళ్లకు పైగా ఉన్నందున దానితో నడిచే యంత్రాలకు ఈ ఇబ్బంది తక్కువ. దూరప్రాంతాలలో కొత్త కేంద్రాలు నెలకొల్పేటప్పుడు పరిశీలించదగిన అంశమిది. బాహ్య రేడియేషన్‌కు సంబంధించి భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన స్వదేశీ కోబాల్ట్ యంత్రం 'భాభాట్రాన్' కూడా ఈ సందర్భంలో గమనించదగినది.

కీమోథెరపీ విషయం

రేడియేషన్‌తో పాటు ఇచ్చే సిస్‌ప్లాటిన్ తెల్ల రక్తకణాలను తగ్గించి అంటువ్యాధుల ముప్పును పెంచుతుంది. కోవిడ్ కాలంలో దీనిని పూర్తిగా మానివేయాలా అన్న చర్చ జరిగింది. ముదిరిన మూడవ దశ రోగులు 850 మందిపై టాటా మెమోరియల్ ఆసుపత్రి జరిపి 2018లో ప్రచురించిన పరిశోధనలో, సిస్‌ప్లాటిన్ కూడా పొందినవారిలో ఐదేళ్ల తరువాత 54 శాతం మంది, రేడియేషన్ మాత్రమే పొందినవారిలో 46 శాతం మంది జీవించి ఉన్నట్లు తేలింది. మందు వలన కలిగే ప్రయోజనం గణనీయమైనదే. అయితే రేడియేషన్ మాత్రమే పొందినవారిలోనూ దాదాపు సగం మంది జీవించి ఉండడం గమనార్హం. కావున ఆరోగ్యవంతులైనవారికి మందు కొనసాగించి, వృద్ధులకు, మూత్రపిండాల వ్యాధి, రక్తహీనత వంటి సమస్యలు ఉన్నవారికి మందును ఆపి రేడియేషన్‌ను గడువులోగా పూర్తి చేయడం వివేకవంతమైన మార్గంగా నిలిచింది.

ముందుగా కీమోథెరపీ, తరువాత శస్త్రచికిత్స చేసి రేడియేషన్‌ను తప్పించే పద్ధతి రెండవ దశలో దానికి దీటైన ఫలితం ఇవ్వదని అదే ఆసుపత్రి జరిపిన మరో పరిశోధన 2018లోనే చూపింది. వ్యాధి తిరగబెట్టకుండా ఐదేళ్లు గడిపినవారు ఆ పద్ధతిలో 69.3 శాతం కాగా, రేడియేషన్, కీమోథెరపీ కలిపి పొందినవారిలో 76.7 శాతం. 2024లో ప్రచురితమైన ఇంటర్‌లేస్ పరిశోధన ఆరు వారాల కీమోథెరపీ అనంతరం రేడియేషన్ ఇస్తే మనుగడ పెరుగుతుందని తెలిపింది. ఆ పరిశోధనలోనూ ఏడవ వారంలోనే రేడియేషన్ ప్రారంభించారన్నది గమనించాలి. దానిని రేడియేషన్ వాయిదాకు సమర్థనగా భావించరాదు.

ఇతర స్త్రీ సంబంధ క్యాన్సర్లు

గర్భాశయ లోపలి పొర క్యాన్సర్‌లో మొదటి చికిత్స శస్త్రచికిత్స. తొలి దశలో, నెమ్మదిగా పెరిగే రకమైతే, థియేటర్లు అందుబాటులోకి వచ్చే వరకు ప్రొజెస్టిరాన్ హార్మోన్ చికిత్సతో కొంతకాలం వేచి చూడవచ్చునని అంతర్జాతీయ వైద్య సంఘాలు సూచించాయి. శస్త్రచికిత్స తరువాత రేడియేషన్ అవసరమైనవారికి కొన్ని వారాల వెసులుబాటు ఉంటుంది. యోని పైభాగానికి మాత్రమే ఇచ్చే బ్రాకీథెరపీ మత్తు లేకుండానే కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. విడతలను కూడా తగ్గించే వీలుంది. బాహ్య జననాంగ క్యాన్సర్‌కు ముఖద్వార క్యాన్సర్‌కు వర్తించే కాల నియమమే వర్తిస్తుంది. అండాశయ క్యాన్సర్‌లో రేడియేషన్ పాత్ర స్వల్పం.

చికిత్స మధ్యలో కోవిడ్ సోకితే

చికిత్స పొందుతున్న మహిళకు జ్వరం వస్తే అది కోవిడ్ కావచ్చు, తెల్ల కణాలు తగ్గడం వలన వచ్చిన ఇన్ఫెక్షన్ కావచ్చు. నీరసం, విరేచనాలు రేడియేషన్ ప్రభావం వలన కూడా వస్తాయి. కావున జ్వరం వచ్చిన ప్రతి రోగిని ఇంటికి పంపడం కాక, అదే రోజున పరీక్షించి నిర్ణయం తీసుకోవడం అవసరమైంది. కోవిడ్ నిర్ధారణ అయి, లక్షణాలు తీవ్రంగా ఉంటే రేడియేషన్‌ను తాత్కాలికంగా నిలిపివేశారు. లక్షణాలు స్వల్పంగా ఉన్నవారికి కొన్ని కేంద్రాలు దినపు చివరి విడతగా, సిబ్బంది రక్షణ దుస్తులు ధరించి, చికిత్సను కొనసాగించాయి. తరువాత గదిని పూర్తిగా శుద్ధి చేసి మరునాడు ఇతరులకు వాడారు. విరామం తప్పనిసరి అయినవారికి కోలుకున్న వెంటనే పైన తెలిపిన పద్ధతులలో నష్టాన్ని పూడ్చారు. 2021 జనవరి 16న దేశంలో టీకా కార్యక్రమం ప్రారంభమైన తరువాత రోగులకు, సిబ్బందికి రక్షణ క్రమంగా పెరిగింది.

రక్తస్రావం అత్యవసర స్థితి

నయం కాని దశలో వచ్చిన మహిళలను సైతం ఇంటికి తిప్పిపంపడానికి వీలులేదు. ముఖద్వార కణితి నుంచి జరిగే రక్తస్రావం ప్రాణాపాయం కలిగించగలదు. అట్టివారికి రక్తం ఎక్కించడం, యోనిలో గుడ్డ చుట్టలతో ఒత్తిడి కల్పించడంతో పాటు, ఒకే విడతలో 8 గ్రేలు, లేదా ఐదు విడతలలో 20 గ్రేలు ఇవ్వవచ్చు. రెండు రోజులలో రోజుకు రెండు చొప్పున నాలుగు స్వల్ప విడతలు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఈ పద్ధతులలో రోగి ఒక రోజు లేదా వారంలోపే ఇంటికి వెళ్లగలదు. నొప్పి నివారణకు మార్ఫిన్ అందుబాటులో ఉంచడం కూడా ఈ సేవలలో భాగమే.

జిల్లా యంత్రాంగం చేయగలిగినది

రేడియేషన్ మోతాదును నిర్ణయించేది వైద్యుడు. దానిని గడువులోగా పూర్తి చేయించగలిగేది మాత్రం ఆసుపత్రి, రవాణా, రెవెన్యూ, పోలీసు, ఆరోగ్య శాఖల సమన్వయం. ఈ దిశగా కోవిడ్ అనుభవం కొన్ని చర్యలను సూచిస్తున్నది.

1. ప్రతి రేడియేషన్ కేంద్రం, చికిత్స మధ్యలో ఉన్న రోగుల జాబితాను గడువు తేదీలతో సహా సిద్ధంగా ఉంచి, విపత్తు సమయంలో సంబంధిత జిల్లాలకు తక్షణమే పంపగలగాలి.

2. రాకపోకలపై ఆంక్షలు విధించినప్పుడు రేడియేషన్ రోగికి, ఒక సహాయకురాలికి చికిత్సా కాలం మొత్తానికి చెల్లే ఒకే అనుమతి పత్రం ఇవ్వాలి. రోజువారీ అనుమతులు ఈ చికిత్సకు సరిపడవు. రాష్ట్ర సరిహద్దు దాటవలసిన రోగులకు ఇది మరీ అవసరం.

3. ఆసుపత్రి సమీపంలో బస ఏర్పాటు చేస్తే రోజువారీ ప్రయాణ సమస్య తొలగిపోతుంది. ధర్మశాలలు, వసతి గృహాలను విపత్తు ప్రణాళికలో ముందుగానే గుర్తించాలి.

4. బ్రాకీథెరపీ థియేటర్‌ను, మత్తు వైద్యుని వారంలో నిర్ణీత దినాలకు కేటాయించి, ఇతర అవసరాలకు మళ్లించకుండా చూడాలి.

5. మూలకాల మార్పిడి తేదీలను ముందుగా గమనించి దిగుమతి అనుమతులను త్వరితపరచాలి.

6. విడతకు రాని రోగికి అదే రోజున ఫోను చేయడం, మరునాటికీ రాకపోతే ఆశా కార్యకర్త ద్వారా ఆచూకీ తీయడం ఖర్చు లేని పని. దాని ఫలితం మాత్రం అధికం.

ఈ ఏర్పాట్లు మహమ్మారికి మాత్రమే పరిమితం కావు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నంలో విద్యుత్తును, రవాణాను రోజుల తరబడి స్తంభింపజేసింది. అటువంటి ప్రతి సందర్భంలోనూ ఎక్కడో ఒక చోట చికిత్స మధ్యలో ఉన్న మహిళలు ఉంటారు.

పాత్రికేయుల దృష్టికి

ఈ చికిత్సపై ప్రజలలో గల అపోహలను తొలగించడంలో పత్రికల పాత్ర కీలకమైనది. బాహ్య రేడియేషన్ పొందిన మహిళ శరీరంలో రేడియోధార్మికత మిగలదు. పైన వివరించిన బ్రాకీథెరపీలోనూ మూలకాన్ని వెనుకకు తీసుకున్న తరువాత ఏమీ మిగలదు. ఆమె పిల్లలను ఎత్తుకోవచ్చు, అందరితో కలిసి భోజనం చేయవచ్చు. బాహ్య రేడియేషన్ పూర్తయ్యేసరికి రక్తస్రావం ఆగి, నొప్పి తగ్గడంతో చాలామంది వ్యాధి నయమైందని భావించి బ్రాకీథెరపీకి రాకుండా ఉండిపోతారు. చికిత్స అక్కడితో పూర్తి కాలేదన్న సంగతిని ప్రజలకు తెలియజేయవలసి ఉన్నది. బహిష్టు ఆగిన తరువాత రక్తం కనిపించడం, కలయిక అనంతరం రక్తస్రావం, దుర్వాసనతో కూడిన తెల్లబట్ట ఈ వ్యాధి లక్షణాలు. ఇవి ఉన్నవారు వెంటనే వైద్యులను సంప్రదించాలి. 30 నుంచి 65 ఏళ్ల మహిళలు లక్షణాలు లేకున్నా ముఖద్వార పరీక్ష చేయించుకోవడం శ్రేయస్కరం.

మహమ్మారి తీవ్రంగా ఉన్న రోజులలోనే, 2020 నవంబరు 17న, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నిర్మూలనకు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ కార్యాచరణను ప్రారంభించింది. 2030 నాటికి 90 శాతం బాలికలకు టీకా, 70 శాతం మహిళలకు పరీక్ష, వ్యాధి గుర్తించినవారిలో 90 శాతం మందికి చికిత్స అందించడం దాని లక్ష్యాలు. దేశీయంగా సీరం ఇన్‌స్టిట్యూట్ రూపొందించిన సెర్వావ్యాక్ టీకాకు 2022లో అనుమతి లభించడంతో మొదటి లక్ష్యానికి మార్గం సుగమమైంది. టీకా ఫలితాలు పూర్తిగా కనిపించడానికి దశాబ్దాలు పడుతుంది. అంతవరకు వ్యాధి బారిన పడే ప్రతి మహిళకు చికిత్స ప్రారంభించడంతో పాటు, 56వ రోజులోగా దానిని పూర్తి చేయించినప్పుడే మూడవ లక్ష్యం నెరవేరినట్లు భావించాలి.